వేరెరిగిన సంగతి

విత్తులోన చెట్టు వ్రేళ్ళతో దాచిన
వేల్పు నీవె, మండువేసవందు
నీడ యగుచు నుండి నిలువెల్ల కాచిన
తండ్రి, కరుణ జూడు దాసజనుల.

జగత్కర్తయైన ఆ తండ్రి మీద భారం వేసి, అమీర్‌పేటలోని ఒక సందులో నడిచిన సంగతి ఇక వినవలసింది.

కుట్టుమిషను మీద పరచిన తెల్లని బట్టపైన ఎండిన ముల్లాకు ఒకటి రాలిపడింది. విజయరత్నం తొక్కుతున్న కాలు ఆపాడు. ఆకును రెండు వేళ్ళతో తీసి అరుగు చివర పెట్టాడు. తెల్లవారినప్పటి నుండి అట్లా ఏరిపెట్టినవన్నీ అక్కడ పిచ్చుక గూడంత పోగయ్యాయి. ఆ బట్ట చర్చి సంఘంలోని పాటల బృందానికి క్రిస్మస్ నాటికి అందవలసిన అంగీలది. దాని మీద మరక పడరాదు. అయినా ఆయన చూపు బట్ట మీద లేదు, అరుగు ముందరి చెట్టు మీద ఉంది.

నర్సరీవారు దానిని అరకేరియా అంటారు. సందులో అందరికీ అది క్రిస్మస్ చెట్టు. దేవమణి కాపురానికి వచ్చిన తొలి యేడు, నూనె డబ్బాలో జానెడు మొక్కగా ఆ ఇంటికి చేరింది. ఎండ వైపు వంగిపోకుండా ప్రతి ఆదివారం ఆరాధనకు పోబోయే ముందు విజయరత్నం ఆ డబ్బాను కొంచెం తిప్పి పెట్టేవాడు. డబ్బా తుప్పు పట్టాక నేలలో దింపి, పక్కన వెదురు పాతి, బట్టల అంచులు చించిన పేలికలతో కట్టి, కాండం లావెక్కిన కొద్దీ ఆ ముడులను వదులు చేస్తూ వచ్చాడు. కుట్టు వంకరపోతే విప్పి మళ్ళీ కుట్టవచ్చు, చెట్టు వంకరపోతే విప్పడానికి లేదని ఆయన అనేవాడు. ఆ శ్రద్ధకు తగినట్లే అది తూకపు గుండు వేలాడదీసినంత నిటారుగా ఎదిగింది. వలయం మీద వలయంగా కొమ్మలు చాచి, పైకి పోయిన కొద్దీ సన్నబడి, పక్కనున్న హాస్టలు మిద్దెను దాటిపోయింది.

ఆ జాతికి నడినెత్తి మొగ్గ ఒక్కటే దిక్కు. అది విరిగితే చెట్టు మరి తిన్నగా పైకి సాగదు. కింది కొమ్మ ఎండితే ఆ చోట మరొక కొమ్మ పుట్టదు. పోయినది పోయినట్లే. హాస్టలు గోడ లేచిన యేడు, ఎండ కరవై అడుగు వలయం పసుపు తిరిగింది. అది నీడ చేసిన పని. దానికి ఎవరేమి చేయగలరని ఆయన సరిపెట్టుకొన్నాడు. కాని ఈ యేడు వానలు వెనుదిరిగినది మొదలు, ఎండ తగిలే కొమ్మలు కూడా ఒక్కొక్క వలయమే తుప్పురంగుకు తిరుగుతూ వస్తున్నాయి. వేపపిండి వేశాడు. ఎర్రమట్టి తెచ్చి పోశాడు. నీరు తగ్గించి చూశాడు, పెంచి చూశాడు. రాలుడు ఆగలేదు.

"ఏమండీ, దొడ్డుప్పు అయిపోవచ్చింది. పంజగుట్టకు పోతున్నరు గద, పెద్ద సంచి తేండి," అన్నది లోపలి నుండి దేవమణి.

"మొన్ననే తెస్తి గద. ఊరంతటికి తొక్కు వెడ్తున్నవా ఏంది?"

"తొక్కు మీకు గుర్తుంటది. నా దగ్గరికొచ్చేటోళ్ళే గుర్తుండరు."

దేవమణి చేతిలో ప్రార్థన ఉన్నదని ఆ చుట్టుపక్కల పేరు. శుక్రవారం స్త్రీల కూడికలో ఉప్పు జాడీ నడుమ పెట్టుకొని, దాని మీద చేతులుంచి ప్రార్థిస్తారు. జ్వరపడిన పిల్లలకనీ, నిద్రపట్టని ముసలివారికనీ ఆ ఉప్పును పొట్లాలు కట్టి ఆమె పంచిపెడుతుంది. మతం అడగదు, మారుగా ఏమీ పుచ్చుకోదు. కుడిచేయి చేసే మేలు ఎడమచేతికి తెలియరాదని ఆమె నియమం. ఎవరి కోసం ఉపవాసమున్నదో, ఎవరింటి గుమ్మంలో మోకరించి వచ్చిందో భర్తకు కూడా చెప్పదు. ఆయన అడగడం మానుకొని ఎన్నో ఏండ్లయింది.

స్కూటరు తీస్తూ ఉంటే ప్రహరీ అవతలి నుండి కామరాజు పలకరించాడు. గోదావరి ప్రాంతం నుండి వచ్చి ఆ హాస్టలు కట్టి నడుపుతున్న మనిషి. "ఏంటండీ రత్నంగారూ, మీ చెట్టు మా ట్యాంకులోకి సూదులు పంపిస్తోంది! స్నానం చేస్తే ఒంటికి కుట్లు పడుతున్నాయంటున్నారు మా అమ్మాయిలు. టైలరుగారి చెట్టని ఊరుకోమన్నాను."

"మీ బిల్డింగు నా చెట్టు ఎండనంత మింగింది. సూదులన్న పంపకపోతే ఎట్ల, కామరాజు గారూ?"

కామరాజు పెద్దగా నవ్వి, "మా ఆవిడ పొట్లం అడిగిందని దేవమణిగారికి చెప్పండి. మళ్ళీ తలనొప్పి మొదలెట్టింది," అన్నాడు.

హాస్టలు కాపలాదారు ఓదెలు గేటు పక్కన నీళ్ళ ఫిల్టరు మిషను కడుగుతున్నాడు. మందు కలిసిన ఆ నీరు గోడ వెంట పోయే గొట్టంలో నుండి మోరీలోకి దిగుతుంది. ఏటేటా క్రిస్మస్ నక్షత్రాన్ని మిద్దె మీది నుండి వెదురు గడకు తగిలించి చెట్టు కొసన నిలిపేవాడు అతడే. మొగ్గకు దెబ్బ తగలకుండా కింది పక్కకొమ్మకు కొక్కెం వేయడం విజయరత్నం అతనికి నేర్పిన పని.

"గిన్ని ఆకులెందుకు రాలుతున్నయ్ సార్?" అన్నాడు ఓదెలు చెట్టు వంక తల ఎత్తి. "జర పైలం. నక్షత్రం యాడ గట్టాలె మరి?"

"నువ్వు మొగ్గ జాగ్రత్త చూడు. తక్కింది నేను చూస్కుంట."

"మొగ్గా? నా బిడ్డ నెత్తి లెక్క చూస్కుంట సార్."

విజయరత్నం నవ్వుకొంటూ స్కూటరు ఎక్కాడు. మధ్యాహ్నానికి పంజగుట్టలో గుండీలు, దారపు కండెలు కొని, ఉప్పు సంచిని రెండు కాళ్ళ నడుమ పెట్టుకొని, మెట్రో స్తంభాల నీడ వెంట ఇంటికి చేరాడు. సంచిని వంటింటి మూలకు చేర్చి, చేతులకంటిన ఉప్పును చెట్టు మొదట దులపబోయి, అట్లా చేయరాదని గుర్తు వచ్చి, మోరీ దగ్గరికి పోయి దులుపుకొన్నాడు.

మరునాడు నర్సరీ రాజనర్సయ్య వచ్చాడు. ఆ చెట్టుకు తొలినాటి నుండి మన్నూ ఎరువూ పంపినవాడు. గునపంతో మొదలు చుట్టూ మెల్లగా తవ్వి, సన్నవేరు ఒకటి లాగి, వేళ్ళ నడుమ నలిపి చూశాడు. పైపొర పొట్టువలె ఊడి వచ్చింది. లోపల నల్లగా ఉంది.

"వేరు కాలిందన్నా. ఎవలో మందు నీళ్ళు వోసిన్రు. లేకుంటే ఇట్ల గాదు."

"బతుకుతదా?"

రాజనర్సయ్య తల వెనుకకు వాల్చి కొస దాకా చూశాడు. అక్కడ చెట్టు కన్నెపచ్చగా ఉంది. "గీ జాతి గంతే," అన్నాడు చివరకు. "కింద పానం వోయినా పైన ఆకుకు శానా రోజులు ఎర్కనే ఉండది."

అతడు వెళ్ళిన తరువాత విజయరత్నం చెట్టు చుట్టూ తిరిగాడు. అరుగు వైపు మన్ను ఎర్రగానే ఉంది. ప్రహరీ వైపున, కుట్టుమిషను దగ్గర కూర్చున్నవారికి కనబడని చోట, చదునైన బండ ఒకటి ఉంటుంది. ఆ బండ పక్కన మన్ను మీద తెల్లని పొక్కు కట్టి ఉంది. బట్ట మీద గీసి చెరిపిన సుద్ద గీతవలె అది వేరు పొడవునా సాగిపోయింది. ఆయన కన్ను ఆ గీత వెంట పోయి ప్రహరీకి ముట్టింది. ప్రహరీ మీదుగా అవతలికి చూశాడు. ఫిల్టరు గొట్టానికి సరిగా ఆ చోటనే టేపు చుట్టి ఉంది. గోడ చెమ్మగిల్లి ఉంది.

అంతే. ఆయనకు మరి సాక్ష్యం అక్కర లేకపోయింది.

"ఓదెలూ! ఇటు రా!"

ఆ గొంతు అంత పైకి పోవడం ఆ సందు ఎన్నడూ వినలేదు. టిఫిను బండి దగ్గర ప్లేట్లు పట్టుకొన్న హాస్టలు అమ్మాయిలు తిరిగి చూశారు. చీపురు చేతిలో పట్టుకొనే ఓదెలు వచ్చాడు.

"గా నీళ్ళు మోరీలకే వోతయ్ సార్. టేపు పోయిన యేడు వేసింది. ఒట్టు, చుక్క గూడ ఇటు రాదు."

"రాకపోతే ఈ తెలుపేంది? వేరెట్ల కాలింది? ఆకులూడ్వలేక ఇసుగుపుట్టి వోసినవా? కూట్లె విషం పెట్టినట్టు పెడితివి గదరా!"

'రా' అన్న ఆ మాటకు ఓదెలు ముఖం మాడిపోయింది. "నక్షత్రం గట్టినోన్ని సార్ నేను. నేనెందుకు వోస్త?" అన్నాడు. ఆ తరువాత మెట్ల మీద నిలబడిన దేవమణి వంక ఒకసారి చూశాడు.

ఆ చూపును నేరస్థుని చూపనుకొన్నాడు విజయరత్నం.

కామరాజు బయటికి వచ్చి, గుమికూడిన జనాన్ని చూసి, ఓదెలును తన గదిలోకి తీసుకొని పోయాడు. తలుపు మూసి ఉండగా లోపలి నుండి కామరాజు కేక ఒకటి వినబడింది, మాట తెలియలేదు. మధ్యాహ్నం దాటేసరికి ఓదెలు, అతని భార్య మంగవ్వ మెట్ల కింది గది ఖాళీ చేశారు. గిన్నెల మూట, చుట్టిన పరుపు, పిల్లల బడి సంచులు ఆటోలోకి చేరాయి. దేవమణి పరుగున పోయి మంగవ్వ చేతిలో పొట్లం పెట్టింది.

"కొత్త ఇంట్ల మూలలకు చల్లుకో తల్లీ. మీ కోసం ప్రార్థన చేస్త. తప్పు ఎవలు చెయ్యరు?"

మంగవ్వ పొట్లాన్ని చూసింది. పొట్లమిచ్చిన చేతిని చూసింది. కొంగున ముడి వేసుకొని ఆటో ఎక్కింది.

ఆ సాయంకాలం విజయరత్నం అంగీల భుజాలు అతికాడు. న్యాయం జరిగిందని మనసుకు నచ్చజెప్పుకొంటూ అతికిన కుట్టు, తీరా చూస్తే, వేలెడు పక్కకు పోయి ఉంది. విప్పి మళ్ళీ కుట్టాడు.

రెండు నాళ్ళు గడిచాక ఒక వేకువ, కాలిన వేరుకు మంచినీరైనా అందిద్దామని ఆయన ఎన్నడూ లేనంత పెందలకడ లేచాడు. పక్కన దేవమణి లేదు. ఆ వేళకు ఆమె ప్రార్థనలో ఉంటుందని తెలిసిన సంగతే. బకెట్టు తీసుకొని, అరుగు మీదుగా పోకుండా దగ్గరి దారిని పెరటి మలుపు తిరిగాడు. తిరిగి, ఆగిపోయాడు.

ప్రహరీ వైపు బండ మీద దేవమణి మోకరించి ఉంది. కొంగు తల మీదుగా కప్పుకొంది. ఒడిలో గిన్నె ఉంది. పిడికిలి నింపి, ఆ పిడికిలిని నుదుటికి ఆనించుకొని, వేరు మీద మెల్లగా విడుస్తూ ఉంది, పసిబిడ్డకు తలంటినంత మెత్తగా. అటు తరువాత చెంబుతో నీళ్ళు పోసింది. తెల్లని గళ్ళు కరిగి మన్నులోకి దిగిపోయాయి.

"తండ్రీ, చేదు నీళ్ళను నీ ప్రవక్త ఉప్పు వేసి బాగుచేసిండు. ఈ వేరును సుత బాగుచెయ్యి. విషమెంత దిగిందో నాకు తెల్వదు, అందుకే ఇప్పుడు రెండింతలు వేస్తున్న. పోసిన చెయ్యిని క్షమించు. ఓదెలు పేరు నీ ముందర పెడ్తున్న, ప్రభువా. వాని పిల్లల మీదికి ఈ పాపం రానియ్యకు."

విజయరత్నం చేతిలోని బకెట్టు చప్పుడు కాకుండా నేలకు దిగింది. ఆయన మళ్ళీ లోపలికి పోయి మంచం మీద కూర్చున్నాడు. తన స్కూటరు, తన రెండు కాళ్ళు, ఆ కాళ్ళ నడుమ ఉప్పు సంచి, పంజగుట్ట నుండి అమీర్‌పేట దాకా మెట్రో స్తంభాల నీడ. ఒక్కసారి కాదు. సంచి వెంట సంచి. కింది వలయం పసుపు తిరిగిన నాటి నుండి ఆమె ఆ బండ మీద ప్రార్థిస్తూనే ఉండి ఉంటుంది. అడగరాదన్న మర్యాద పాటిస్తూ ఆయన మోస్తూనే ఉన్నాడు.

దేవమణి లోపలికి వచ్చి గిన్నె కడిగి బోర్లించింది. "అప్పుడే లేచిన్రా? చాయ్ పెట్టాల్నా?" అన్నది. ఆ ముఖంలో ఎంతో పని పూర్తి చేసిన నెమ్మది ఉంది.

"పెట్టు," అన్నాడు ఆయన.

ఆమె కూడికకు వెళ్ళగానే ఆయన గడ్డపార పట్టాడు. బండను పక్కకు దొర్లించాడు. తవ్విన కొద్దీ మన్ను పలుకులు పలుకులుగా మెరిసింది. తట్టల కొద్దీ ఎత్తి, గోనెసంచుల్లో నింపి, బకెట్ల కొద్దీ నీళ్ళు పోశాడు. పెద్దవేరును గోటితో గీకి చూస్తే కింద పచ్చ కనబడాలి. ఇక్కడ గీకాడు, అక్కడ గీకాడు. ఎక్కడా పచ్చ లేదు. తల ఎత్తితే, ఆకాశానికి ఆనిన ఆ కొస మాత్రం ఇంకా లేతగా, ఏమీ ఎరుగనట్లు ఉంది. తెచ్చి పెట్టుకొన్న ఎర్రమట్టితో గుంట పూడ్చి, బండను మళ్ళీ యథాస్థానంలో పెట్టి, చేతులు కడుగుకొని కామరాజు దగ్గరికి పోయాడు.

ఆమె పేరు చెప్పరాదని దారిలోనే నిశ్చయించుకొన్నాడు. ఆ నిశ్చయానికి ప్రేమ అని పేరు పెట్టుకొన్నాడు.

"ఓదెలు తప్పు లేదు కామరాజు గారూ. పోసింది నేనే. ఏదో పొడి, ఎరువనుకున్న. మోతాదు తెల్వక పోసిన."

కామరాజు పేపరు మడిచాడు. "మీరా! ఎంత పని చేశారండీ! చెట్టు మీదా, మనిషి మీదా ఒకేసారి పోశారన్నమాట."

"నిజమే. మీరు వాన్ని మళ్ళ పిలువుండ్రి."

"అది కుదరదండీ." కామరాజు గొంతు తగ్గించాడు. "కొత్తవాణ్ణి పెట్టేసుకున్నానని కాదు. ఆ రోజు ఈ గదిలో వాడు నాతో ఏమన్నాడో తెలుసా? దేవమణిగారే రోజూ పొద్దున్నే ఏదో తెచ్చి ఆ చెట్టుకి వేస్తున్నారట! నా కళ్ళతో చూశానని నా మొహం మీదే చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆకులు ఊడ్చీ ఊడ్చీ విసిగి పోశాడంటే ఓ తిట్టు తిట్టి ఊరుకుందును. అలాంటి తల్లి మీద నింద వేస్తాడా? తీసేసింది చెట్టు కోసం కాదండీ, ఆ మాట కోసం. పోసింది వాడు కాకపోవచ్చు. నోరు వాడిదే కదా?"

విజయరత్నం కుర్చీ చేతిని పట్టుకొన్నాడు. వాడన్నది నిజం అన్న రెండు ముక్కలు గొంతు దాకా వచ్చాయి. అంతలో కాఫీ గ్లాసులతో కామరాజు భార్య సీతామహాలక్ష్మి వచ్చి, "అన్నయ్యగారూ, దేవమణిగారికి నా నమస్కారం చెప్పండి. ఆవిడ ఉప్పు తల కింద పెట్టుకున్నాక రెండు రాత్రులు హాయిగా నిద్రపోయాను," అన్నది. ఆమె కండ్లలో నీళ్ళు తిరిగాయి.

ఆయన కాఫీ తాగాడు. గ్లాసు దించి, నమస్కారం పెట్టి లేచాడు.

బల్కంపేటలో ఎల్లమ్మ గుడి వెనుక సందులో, కట్టుబడిలో ఉన్న ఇంటి ముందు ఓదెలు ఇసుక జల్లిస్తూ కనబడ్డాడు. వాచ్‌మన్ల కోసం వేసిన రేకుల షెడ్డులో బంధువుల పక్కన మంగవ్వ పొయ్యి పెట్టుకొంది. విజయరత్నాన్ని చూసి ఆమె లేవలేదు.

"కామరాజు గారికి చెప్పి వచ్చిన ఓదెలన్నా. పోసింది నేనేనని చెప్పిన. నీ తప్పేం లేదని చెప్పిన."

ఓదెలు జల్లెడ ఆపాడు. "మీరు వోసిన్రా?"

"ఆ."

"ఎప్పుడు వోసిన్రు సార్?"

"పొద్దుగాల."

"పొద్దుగాల గేటు దీసేది నేనే గద," అన్నాడు ఓదెలు. కోపం లేదు ఆ గొంతులో, అలసట ఉంది. "మీరు లేచేవరకు పాలోడు వోయి ఎంతసేపైతదో నాకెర్క. నన్ను దోషి జేసిన్నాడు అబద్ధమాడితిరి, తెల్వకాడిన్రనుకుందాం. గిప్పుడు సుత అబద్ధమే తెచ్చిన్రా సార్?"

విజయరత్నం తల వంచాడు. పక్కన ఇసుక కుప్ప మీది నుండి గులకరాయి ఒకటి దొర్లి ఆయన చెప్పుకు తగిలి ఆగింది.

"అమ్మ చేతిల ఏమున్నదో నాకు తెల్వది. పూజనుకున్న. దేవుని పనికి అడ్డం రావద్దని గమ్మునున్న. గల్లీల అందరి ముందట అమ్మ పేరు దియ్యలే నేను. లోపటికి తీస్కవోయి అడిగితే చూసింది చెప్పిన."

"అబద్ధం జెప్పుంటే ఉంచుకుందురు," అన్నది మంగవ్వ పొయ్యిలోకి పుల్ల తోస్తూ. "వోసిన సార్, కాల్మొక్త అంటే తిట్టి ఊకుందురు. నిజం జెప్పినందుకు మెడలు వట్టి నూకిన్రు. మంచిగున్నది మీ పెద్దోళ్ళ ఇన్సాఫు, గిదేనా నాయం?"

"ఊకో నువ్వు," అని ఓదెలు భార్యను వారించి దగ్గరికి వచ్చాడు. "సార్, నాకు పగ లేదు. అమ్మ కావాల్నని చెయ్యలే, గది సుత చెప్పుండ్రి. గని నేను జూసింది నిజమని ఒక్కపాలి మీ నోటితోని అనుండ్రి. మీరంటే నమ్ముతరు. పిల్లల బడి ఆడనే ఉన్నది. నౌకరి రాకున్నా మాయె, అబద్ధాలోడన్న పేరు వోతె సాలు. ఇంకో గేటు కాడికి వోతే మొదలు గదే అడుగుతున్రు."

"చెప్త," అన్నాడు విజయరత్నం. "ఈ పొద్దే చెప్త."

"మీ ప్రభువు మీద?"

"ప్రభువు మీద."

వెళ్ళబోతూ ఉంటే రేకుల కింద గూటిలో తన ఇంటి పొట్లం కనబడింది. ముడి విప్పలేదు. ఆయన చూపును గమనించి మంగవ్వ అన్నది: "ఇంట్ల ఉప్పు నిండుకున్నది. గది ఇప్పుదామంటె చెయ్యి రాలే."

బల్కంపేట నుండి ఇంటికి పెద్ద దూరం లేదు. ఆ దారి పొడవునా ఆయన మాటలను పేర్చుకొన్నాడు, తీసి మళ్ళీ పేర్చుకొన్నాడు. మొదట దేవమణితో చెప్పాలి. పక్కన కూర్చోబెట్టుకొని, చేయి పట్టుకొని చెప్పాలి. నువ్వు చేసింది తప్పు కాదు, మన్ను గుణమది అని చెప్పాలి. ఆ తరువాత ఇద్దరూ కలిసి కామరాజు మెట్లెక్కాలి.

సందు మలుపు తిరిగేసరికి హాస్టలు మిద్దె మీద కొత్త కాపలాదారు కనబడ్డాడు. కామరాజు పురమాయించి ఉంటాడు. నక్షత్రాన్ని గడకు తగిలించి, పక్కకొమ్మ సంగతి ఎవరూ చెప్పనందున, నడినెత్తి మొగ్గకే తీగ చుట్టి బిగిస్తున్నాడు. విజయరత్నం వద్దనడానికి చేయెత్తాడు. గీకిన వేరులో ఎక్కడా పచ్చ లేదని గుర్తు వచ్చి, ఎత్తిన చేతిని దించుకొన్నాడు.

దేవమణి చెట్టు కింద బండ మీద కూర్చొని ఉంది. ఏడ్చి ఏడ్చి కండ్లు వాచి ఉన్నాయి. పక్కన జాడీ ఉంది.

"దేవమణీ, నీకొక మాట చెప్పాలె."

"నాకు తెలిసింది. సీతమ్మ వచ్చి చెప్పింది. మీరేనంట గద." ఆమె ఆయన చేయి పట్టి పక్కన కూర్చోబెట్టుకొంది. తాను చేయదలచుకొన్నది ఆమె చేస్తూ ఉంది. "ఎంత భయపడ్డరో, నాతోని సుత చెప్పకపోతిరి. నేనేమో ఓదెలు పేరు పెట్టి ప్రార్థన చేసిన. దేవుని ముందర తప్పు సాక్ష్యం పలికిన. విన్నప్పటిసంది గదే ఏడుస్తున్న. మీ మీద నాకు కోపం లేదండీ. ప్రేమతోని పోసిన్రు. ప్రేమతోని చేసిన దాన్ని ఆయన తప్పుగ పట్టడు."

"అది కాదు, దేవమణీ..."

"మీకు తెల్వని సంగతొకటి చెప్త, ఇయ్యాల దాకా ఎవలకు చెప్పలే." ఆమె గొంతు తగ్గించింది. "కింది కొమ్మ ఎండినప్పటిసంది రోజు పొద్దుగాల ఈ వేరుకు ప్రార్థన ఉప్పు వేస్తున్న. చూడుండ్రి పైకి. మీరు విషం పోసినా, అడుగంత మాడినా, కొస ఎట్ల పచ్చగ నిలిచిందో! ఏది నిలబెట్టింది దాన్ని?"

ఆయన పైకి చూశాడు. మొగ్గ మెడ చుట్టూ తీగ మెరిసింది. నక్షత్రం బరువుకు కొస ఒక పక్కకు ఒరిగింది. ఇన్నేండ్లలో ఆ చెట్టు ఒరగడం ఆయన చూడలేదు.

చెప్పడానికి నోరు తెరిచాడు.

దేవమణి జాడీలో నుండి చిటికెడు తీసి, కండ్లు మూసుకొని, పెదవులు కదిపి, ఆ చిటికెడు ఉప్పును తెరిచిన ఆ నోటిలో, నాలుక మీద ఉంచింది. "మీ తప్పు మీ మీదికి రాకుండును గాక," అన్నది.

ఉప్పు కరిగింది. ఉమ్మివేయడానికి లేదు, ఆమె కండ్లు తెరిచి ఆయన ముఖంలోకి చూస్తూ ఉంది. ఆయన మింగాడు. ఓదెలుకు ఇచ్చిన మాట కూడా ఆ ఉప్పుతో పాటు గొంతు దిగిపోయింది. మళ్ళీ పైకి రాలేదు.

"జాడీ అడుగుకు వచ్చింది," అన్నది దేవమణి ఆయన పెదవిని కొంగుతో తుడుస్తూ. "రేపు సంచి తేండి. ఇగ దాచుకునుడెందుకు, ఇద్దరం కలిసే వేద్దాం."

"అట్లనే," అన్నాడు విజయరత్నం.

ఈ కథ విన్నవారి ఇండ్లలోని ఉప్పు కూటికే చెల్లుగాక. చదివినవారి నోట నిరపరాధి పేరు ఆలస్యం కాకుండా పలుకుగాక. చూచినది చెప్పినవానికి గూడు దొరుకుగాక. చెప్పలేకపోయినవానిని కూడా ఆ తండ్రి విడువకుండుగాక. అందరి పెరటి చెట్లకూ వేరు పచ్చగా ఉండుగాక.